ఏలీ కుర్చీలో కూర్చున్న మనకు

వాక్యభాగము: 1 సమూయేలు 1:9–18



 

ఈ నెల నేను రాస్తున్న సంగతి మన ప్రసంగ వేదికల మీద తరచుగా వినబడేది కాదు. పెళ్ళయి ఏళ్ళు గడిచినా పిల్లలు కలగక, అప్పు చేసి, నగలు కుదువబెట్టి టెస్ట్‌ట్యూబ్ చికిత్సకు వెళ్ళే దంపతులు నేడు మన సంఘాల్లో ఉన్నారు. బిడ్డ పుడితే కృతజ్ఞతా కూడిక పెడతారు, మనమంతా వెళ్ళి భోజనం చేసి వస్తాం. కడుపు నిలవలేదంటే వెళ్ళి ఓదారుస్తాం. కానీ ఈ రెండింటికీ ముందే ఒక ఉదయం ఉంది. భార్య అండాలను, భర్త వీర్యకణాలను ప్రయోగశాలలో కలిపి, మరునాడు చూస్తే ఒక్కటీ ఫలించలేదని ఫోను వచ్చే ఉదయం. గర్భం రానూ లేదు, పోనూ లేదు. మరి వారు దేనికొరకు ఏడుస్తున్నారు? ఆ ఏడుపు దగ్గర సంఘం ఏం చేయాలి? ఇది నేను నా తప్పు వలననే నేర్చుకున్నాను. కనుక ముందుగా ఆ తప్పును ఒప్పుకుంటాను.

నా తప్పు

మాది కోలారు గోల్డ్ ఫీల్డ్స్. మా సంఘంలో ఒక దంపతులున్నారు. ఆమె చిన్నప్పుడు నా దగ్గర చదువుకున్న పిల్ల. వారి అనుమతితో, గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాను. పెళ్ళయి 8 ఏళ్ళు. మా ఊరివారు అనేకులలాగే ఆయన తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరులో పనికి వెళ్ళి, చీకటి పడ్డాక తిరిగి వస్తాడు. చికిత్స కూడా అక్కడే.

చికిత్సకు ముందు ఒక సాయంత్రం ఆసుపత్రివారిచ్చిన సమ్మతి పత్రం పట్టుకొని ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. అంతా ఇంగ్లీషు. “సార్, ఈ ఒక్క గడి దగ్గర ఆగిపోయాం. మీరు చదివి చెప్పండి” అన్నాడాయన. ఫలించని అండాలను, సరిగా ఫలించని అండాలను పారవేయవచ్చునా, లేక సిబ్బంది శిక్షణకు వాడుకోవచ్చునా అని ఆ గడిలో అడిగారు. నేను కళ్ళజోడు కూడా సరిగా పెట్టుకోకుండా, “ఇవన్నీ మామూలేనయ్యా, ప్రతి ఆపరేషనుకూ ఉండేవే. సంతకం పెట్టేయండి, దేవుడు కార్యం చేస్తాడు” అన్నాను. ఆమె ఏదో అడగబోయి ఊరుకుంది.

9 అండాలు తీశారు. అందులో 7 పక్వమైనవి. మరునాడు ఉదయం ఫోను వచ్చింది. ఆరింటిలో ఏ మార్పూ లేదు. ఒక్కదానిలో ఏదో మార్పు కనబడింది గాని అది సరైన ఫలదీకరణ కాదు, వాడటానికి వీలులేదు అన్నారు. గర్భంలో ఉంచడానికి ఏమీ మిగలలేదు.

ఈ మాట వారు నా ఒక్కడికే చెప్పారు. ఆ ఆదివారం ఆరాధనలో ప్రార్థన విన్నపాలు చదివే వంతు నాది. మైకు ముందు వారి పేర్లు చెప్పి, ఏడుగురు పసిబిడ్డలను పోగొట్టుకున్న ఈ కుటుంబమును ఆదరించుమని, వారిలో ఏ దోషమున్నా క్షమించుమని గట్టిగా ప్రార్థించాను. నా గొంతు కూడా వణికింది. మంచి ప్రార్థన చేశానని అనుకున్నాను. ముగింపు కీర్తనకు అందరూ లేచేసరికి వారు కూర్చున్న చోటు ఖాళీగా ఉంది. ఆ తరువాత 4 నెలలు ఆమె మందిరానికి రాలేదు.

ఏలీ ఏమి చూశాడు?

మన వాక్యభాగంలో షిలోహు మందిరపు ద్వారబంధం దగ్గర ఏలీ కుర్చీ మీద కూర్చొని ఉన్నాడు. హన్నా హృదయంలోనే ప్రార్థించుకుంటున్నది. పెదవులు కదులుతున్నాయి, స్వరం వినబడటం లేదు. ఏలీ ఆమె నోటిని కనిపెట్టి చూశాడు, తాగి వచ్చిందనుకున్నాడు. అంతటితో ఆగక గద్దించాడు. దేవుని మందిరంలో కూర్చున్న పెద్ద, దేవుని ఎదుట కుమ్మరించబడిన ప్రాణాన్ని గుర్తుపట్టలేకపోయాడు!

ఏలీ దుష్టుడు కాడు. నేనూ ద్వేషంతో ప్రార్థించలేదు. అయితే ఇద్దరమూ అడగకుండానే మాట్లాడాము. టీచర్ ట్రైనింగులో మా గురువులు మాకు ఒక సంగతి చెప్పేవారు. పిల్లవాడు తప్పు జవాబు చెప్పినప్పుడు, ముందు నీవు అడిగిన ప్రశ్న సరిగా ఉన్నదో లేదో చూసుకో అని. బడిలో ఇన్నేళ్ళు పాటించిన ఆ నియమాన్ని సంఘంలో మరచిపోయాను.

ఏలీలో నాకు నచ్చినది ఒకటుంది. హన్నా తన దుఃఖం చెప్పుకోగానే ఆయన తన మాట వెనుకకు తీసుకొని, సమాధానముతో వెళ్ళుమని దీవించాడు. పెద్దరికం తప్పు చేయకపోవడంలో లేదు. తప్పు తెలిసిన వెంటనే మాట మార్చుకోవడంలో ఉంది. నాకు ఆ పని చేయడానికి 4 నెలలు పట్టింది.

వారి ఇంటికి వెళ్ళి క్షమాపణ అడిగినప్పుడు ఆమె ఇలా అన్నది: “సార్, ఏడుగురు బిడ్డలు పోయారన్నారు. ఎవరు పోయారు సార్? పేరు పెట్టుకోవడానికైనా ఎవరూ లేరు. కానీ ఏమీ పోలేదని ఎవరైనా అంటే అది కూడా తట్టుకోలేను.” ఈ రెండు వాక్యాల మధ్యనే మన పాఠం ఉన్నది.

ఆ ఉదయం జరిగేది ఏమిటి?

ఆ తరువాత నేను చదివి, తెలిసిన వైద్యులను అడిగి నేర్చుకున్నది పాఠంలా చెబుతాను.

ఆడపిల్ల పుట్టేటప్పటికే ఆమెలో సుమారు 10 నుండి 20 లక్షల అండాలుంటాయి. జీవితకాలంలో నెలనెలా విడుదలయ్యేవి సుమారు 400 మాత్రమే. చికిత్సలో ఇంచుమించు 10, 12 రోజులు సూదులు వేసి, కొన్ని అండాలను ఒకేసారి ఎదిగించి, మత్తు ఇచ్చి సూదితో బయటికి తీస్తారు. వాటిలో పక్వమైనవే ఫలించగలవు. ఒక పద్ధతిలో అండాలను, వీర్యకణాలను ఒక పళ్ళెంలో కలిపి వదిలేస్తారు. రెండవది ఇక్సీ. అందులో ఒక్కొక్క అండంలోకి ఒక్కొక్క వీర్యకణాన్ని సన్నని సూదితో ఎక్కిస్తారు. ఈ పద్ధతి వలన పిల్లలు పుట్టిన సంగతి 1992లో బెల్జియం దేశపు బ్రస్సెల్సు వైద్యులు మొదట ప్రకటించారు.

16 నుండి 18 గంటల తరువాత సూక్ష్మదర్శినిలో చూస్తారు. అండంలో రెండు చిన్న వలయాలు కనబడితే, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది, ఫలదీకరణ జరిగినట్లు. ఏదీ కనబడకపోతే జరగనట్లు. ఒకటో మూడో కనబడితే సరిగా జరగనట్లు. పక్వమైన అండాలు 100 ఉంటే సాధారణంగా 60, 70 ఫలిస్తాయి. ఒక్కటీ ఫలించని పరిస్థితి పళ్ళెం పద్ధతిలో 100కు సుమారు 5 నుండి 10 సార్లు, ఇక్సీలో 1 నుండి 3 సార్లు వస్తుంది. అరుదే గాని లేనిది కాదు.

ఎందుకు జరుగుతుంది? అండం లోపల పూర్తిగా పండకపోవచ్చు. వీర్యకణం లోపలికి పోలేకపోవచ్చు. పోయినా అండం మేల్కొనకపోవచ్చు. వీర్యకణం తెచ్చే ఒక మాంసకృత్తు అండంలో కాల్షియం అలలను లేపి దానిని మేల్కొలుపుతుంది. ఈ సంగతిని 2002లో బ్రిటనులోని కార్డిఫ్ శాస్త్రజ్ఞులు బయటపెట్టారు. అది లోపించినవారికి కొన్నిచోట్ల కాల్షియం మందుతో అండాన్ని మేల్కొలిపే ప్రయత్నం చేస్తున్నారు. ఆ మందు అందరికీ అవసరమైనది కాదు. కొందరిలో కారణం చిక్కదు. అయితే మొదటిసారి ఒక్కటీ ఫలించనివారిలో అనేకులకు తరువాతి ప్రయత్నంలో కొన్నయినా ఫలిస్తాయి.

ఈ విద్య కూడా ఒక్క రోజులో రాలేదు. మనిషి అండం ప్రయోగశాలలో ఫలించిందని ఇంగ్లండులో రాబర్ట్ ఎడ్వర్డ్సు బృందం 1969లో ప్రకటించింది. మొదటి బిడ్డ పుట్టింది 1978 జూలై 25న. మధ్యలో 9 ఏళ్ళు! అదే ఏడాది అక్టోబరు 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ కృషి వలన మన దేశంలో బిడ్డ పుట్టింది. ప్రభుత్వం వేసిన సంఘం ఆయన మాట నమ్మలేదు. 1981లో ఆయన నిరాశతో ప్రాణం తీసుకున్నాడు. ఆయన పని నిజమేనని లోకం ఒప్పుకున్నది తరువాతనే. అడగకుండా తీర్పు తీర్చే ఏలీలు సంఘంలోనే కాదు, శాస్త్రవేత్తలలోనూ ఉన్నారు.

ఎవరు పాపము చేశారు?

పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు ప్రభువును అడిగిన ప్రశ్న ఇదే (యోహాను 9). వాడా, వాని తల్లిదండ్రులా? ఆ రెండూ కావని ప్రభువు చెప్పారు. లూకా సువార్త జెకర్యా, ఎలీసబెతులను గురించి ముందు వారు నీతిమంతులని, నిరపరాధులని చెప్పి, ఆ తరువాతనే వారికి పిల్లలు లేరని చెబుతుంది. ఆ క్రమాన్ని గమనించండి. హన్నా గర్భమును యెహోవా మూసెనని వాక్యం చెబుతున్నది గాని, ఆమె పాపము వలన మూసెనని ఎక్కడా చెప్పలేదు. వాక్యం చెప్పని కారణాన్ని మనం చెప్పకూడదు.

మా నాన్న చాంపియన్ రీఫ్ గనిలో పనిచేశారు. టన్ను రాయి పైకి తెచ్చి పిండి చేస్తే బంగారం దొరికేది గ్రాములలో. కొన్ని చోట్ల ఎంత తవ్వినా వట్టి రాయే. అంతమాత్రాన ఆ షిఫ్టులో దిగినవాడు పాపి అని మా లైన్లలో ఎవరూ అనలేదు. ఆ రాత్రి అలసి వచ్చినవాడికి వేడినీళ్ళు కాచి పెట్టేవారు. గని కార్మికునికి చూపిన ఆ పాటి న్యాయం మన ఇంటి కోడలికి చూపవద్దా?

ఆ అండాల సంగతి

ఇప్పుడు నేను చదవకుండా దాటవేసిన ఆ గడి దగ్గరకు వస్తాను. వీర్యకణంతో కలవని అండం బిడ్డ కాదు. అలాంటిది నెలనెలా స్త్రీ శరీరం నుండి ఎవరికీ తెలియకుండానే వెళ్ళిపోతుంది. అది దేవుడు నియమించిన క్రమమే. కనుక ఆ ఆరింటిని ఆసుపత్రివారు తీసివేస్తే హత్య జరగలేదు. నేను ఏడుగురు పసిబిడ్డలని ప్రార్థించడం వారి మీద లేని సమాధులను మోపడమే.

మరి ఆ ఒక్కటి? ఆ రాత్రి భర్త నన్ను అడిగినది దాని గురించే. ఆ అండంలో ఒకే వలయం కనబడిందట. అండం తనంతట తానే కదిలి ఉండవచ్చు, లేక కలయిక మొదలై సరిగా సాగక ఉండవచ్చు. ఇలాంటివాటిని, ముఖ్యంగా ఇక్సీలో, వైద్యులు సాధారణంగా గర్భంలో ఉంచరు. మూడు వలయాలున్నవైతే ఆరోగ్యమైన బిడ్డగా ఎదగలేవు. జీవం ఏ క్షణాన మొదలవుతుందన్న విషయంలో విశ్వాసులు అందరూ ఒకే మాట మీద లేరు. గర్భములో ఎముకలు ఎట్లు ఎదుగునో మనకు తెలియదని ప్రసంగి చెప్పాడు (11:5). అందుచేత నేను ఆయనతో ఇంతే అన్నాను: “బాబూ, దానిని బిడ్డ అని నేను చెప్పలేను, ఏమీ కాదనీ చెప్పలేను. నీవు చంపలేదు, నీవు పారవేయలేదు. అది ఎదగలేకపోయింది. నిన్ను నీ తల్లి గర్భములో చూచినవాడు దానిని కూడా చూశాడు. ఆయన చేతికి అప్పగించు.”

శిక్షణకు ఇవ్వడమా, వద్దా? వారు వద్దనుకున్నారు. మరొక దంపతులు తమ దుఃఖం వలన రేపటి డాక్టరు ఒక పాఠం నేర్చుకుంటే చాలునని ఇవ్వవచ్చు. ఎవరి మనస్సులో వారు నిశ్చయించుకోవాలని రోమా 14వ అధ్యాయం నేర్పుతున్నది. వద్దన్నవారు అవిశ్వాసులు కారు, ఇచ్చినవారు కఠినులు కారు. అయితే చదివి, అర్థం చేసుకొని సంతకం పెట్టాలి. ఆ అర్థం చెప్పవలసిన చోట నేను తొందరపడ్డాను.

దంపతులకు ఒక మాట

మన దేశంలో ఈ చికిత్సలపై 2021లో చట్టం వచ్చింది, 2022 జనవరి 25 నుండి అమలులో ఉంది. దంపతుల రాతపూర్వక సమ్మతి లేకుండా చికిత్స చేయరాదు. ఫలించే అవకాశం ఎంత, ఖర్చు ఎంత, హాని ఏమిటి అన్నది ఆసుపత్రి ముందుగా చెప్పాలి. పిండాలను అమ్మడం నేరం. కాబట్టి సమ్మతి పత్రం అర్థం కాకపోతే మీ భాషలో చెప్పించుకోండి, సిగ్గుపడవద్దు.

ఫలించలేదని తెలిసిన తరువాత డాక్టరును కలిసినప్పుడు ఈ సంగతులు అడిగి కాగితం మీద రాయించుకోండి. ఎన్ని అండాలు తీశారు, పక్వమైనవి ఎన్ని? ఏ పద్ధతిలో కలిపారు? ఒక్కొక్క అండంలో ఏమి కనబడింది? లోపం ఎక్కడని అనుమానం? మరోసారి చేస్తే ఏమి మారుస్తారు, ఎందుకు? ఆ అండాలను ఏమి చేశారు? జవాబు రాకముందే రెండవసారికి అప్పు చేయవద్దు. సూదుల తరువాత పొట్ట బాగా ఉబ్బినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళండి.

భర్తలారా, ఎల్కానా తన భార్యను ప్రేమించాడు గాని, పదిమంది కుమాళ్ళకంటె తానే మేలు కాదా అని అడిగి ఊరుకోబెట్టబోయాడు. ఆమెను ఊరుకోబెట్టవద్దు. ఆమె పక్కన కూర్చోండి. లోపం మీ వైపు ఉందని డాక్టరు చెబితే దాచకుండా మీ అమ్మతో, అక్కచెల్లెళ్ళతో మీరే చెప్పండి. ఆ ఒక్క మాట ఆమె మీద నుండి కొండంత బరువు దించుతుంది.

సంఘము చేయవలసినవి

మొదటిది, రహస్యం కాపాడండి. నమ్మి చెప్పుకున్నది ప్రార్థన విన్నపాల చీటీలోకి ఎక్కకూడదు. అడిగి, ఒప్పుకుంటేనే, ఒప్పుకున్నంతే చెప్పండి.

రెండవది, కారణాలు చెప్పకండి. యోబు స్నేహితులు ఏడు దినాలు నేల మీద మౌనంగా కూర్చున్నప్పుడు మంచి స్నేహితులే. నోరు తెరిచిన తరువాతనే చెడిపోయారు.

మూడవది, “విశేషమేమైనా ఉందా?” అన్న పలకరింపును మన ఇళ్ళలో నుండి, స్త్రీల సమాజంలో నుండి తీసివేద్దాం. “గొడ్రాలు” అనే మాటను పాత తర్జుమాలో చదవవలసి వస్తే చదువుదాం గాని, మనిషి మీద వాడవద్దు.

నాలుగవది, శిశు ప్రతిష్ఠ జరిగే ఆదివారం ముందుగానే వారికి కబురు చేయండి. రావాలో వద్దో వారే నిర్ణయించుకుంటారు. రాకపోతే లెక్క అడగవద్దు.

ఐదవది, చేతనైన సహాయం చేయండి. ఫోను వచ్చిన ఆ రోజున ఒక పూట భోజనం తీసుకొని వెళ్ళండి. ఆసుపత్రికి తోడు వెళ్ళండి.

ముగింపు

హన్నాకు సమూయేలు పుట్టాడు గనుక మీకూ పుడతాడని నేను చెప్పను. ఆ వాగ్దానం ఇచ్చే అధికారం నాకు లేదు. కానీ 18వ వచనంలో ఒక సంగతి చూడండి. హన్నా వెళ్ళి భోజనం చేసింది, ఆ తరువాత ఆమె ముఖంలో దుఃఖం కనబడలేదు. అప్పటికి సమూయేలు పుట్టలేదు, గర్భమే రాలేదు. మారినది రెండే. ఆమె తన ప్రాణాన్ని దేవుని ఎదుట కుమ్మరించింది, కుర్చీలోని పెద్ద ఆమెను నమ్మాడు. మొదటిది ఆమె చేయగలిగినది. రెండవది మనం చేయవలసినది. కుమారులు, కుమార్తెలు లేనివారికి సయితం తన ఇంట శ్రేష్ఠమైన పేరు ఇస్తానని యెహోవా యెషయా ద్వారా చెప్పాడు (56వ అధ్యాయం). మన సంఘాలలో ఆ పేరు వారికి ఉన్నదా?

ఆ సహోదరి ఇప్పుడు మందిరానికి వస్తున్నది. మరలా చికిత్సకు వెళ్ళాలో లేదో వారింకా నిర్ణయించుకోలేదు. నేను అడగను. మొన్న ఆదివారం నా పక్కనుంచి పోతూ, “సార్, ఈ వారం ప్రార్థనలో మా పేర్లు చదవండి. పేర్లు మాత్రమే” అన్నది. అంతే చదివాను.

ప్రేమగల తండ్రీ, ఎదురుచూచి ఖాళీ చేతులతో తిరిగి వచ్చిన నీ బిడ్డలను నీ రెక్కల నీడను దాచుము. ద్వారము నొద్ద కూర్చున్న మా వంటి పెద్దలకు చూచు కన్నులను, ఆలకించు చెవులను, ఆలస్యముగా కదలు నాలుకను దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.